తాడిపత్రి కాగితంలోని రాజీనామా

కాగితం ఒక్కటే పేజీ. నీలి సిరాతో తెలుగులో ఆరు వాక్యాలు, కింద దేవనాగరి లిపిలో ఒక సంతకం, పక్కన ఇద్దరు సాక్షుల పేర్లు. అనంతపురంలో ఇరవై ఏళ్లకు పైగా హిందీ, ఉర్దూ, కన్నడ కాగితాలను తెలుగులోకీ, తెలుగు కాగితాలను వాటిలోకీ మార్చే పని చేస్తున్నాను. భూమి పత్రాలు, నికాహ్‌నామాలు, వాంగ్మూలాలు, ఫిర్యాదులు నా చేతి మీదుగా ఎన్నో వెళ్లాయి. వాటిలో ఏదీ ఈ ఒక్క పేజీ ఆగినన్ని రోజులు నా బల్ల మీద ఆగలేదు. అందులో నన్ను ఆపింది ఒకే ఒక్క మాట. ఆ మాటను నేను మొదటిసారి తప్పుగా అనువదించాను. ఆ తప్పు ఎలా జరిగిందో, ఎలా దొరికిందో ఈ పనిలో ఉన్న మిగతావారికి చెప్పాలని రాస్తున్నాను. మనుషులను, ఫ్యాక్టరీని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

తాడిపత్రిలో బండలు కోసి పాలిష్ చేసే ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. అక్కడ పని చేసేవారిలో ఉత్తరాది నుంచి వచ్చినవారు తక్కువేమీ కాదు. ఈ కేసులోని మనిషి రాజస్థాన్‌లో మక్రానా వైపు పల్లెవాడు. పాలరాతి గనుల నడుమ పెరిగినవాడు కాబట్టి రాయి మీద చెయ్యి తిరిగింది. ఒక సాయంత్రం పాలిష్ మిషను దగ్గర ఎడమచేతి రెండు వేళ్లు నలిగాయి. ఆసుపత్రి ఖర్చు ఫ్యాక్టరీ పెట్టింది. వారం తరువాత సూపర్‌వైజరు, మరో ఇద్దరు కూర్చుని మాట్లాడి, చేతిఖర్చుకు కొంత సొమ్ము ఇచ్చి, తెలుగులో రాసిన కాగితం ముందు పెట్టారు. “యే రాజీనామా హై, సైన్ కరో” అన్నారు. అతను చేశాడు. రెండు నెలలకు గాయం మాని పనికి వెళితే, రాజీనామా ఇచ్చావు కదా, నీ చోటులో వేరే మనిషిని పెట్టుకున్నాం అన్నారు. అతను నిర్ఘాంతపోయి, రాజీనామా అయింది కాబట్టే కదా వచ్చాను అన్నాడు.

కార్మిక శాఖ అధికారి ముందుకు వెళ్లినప్పుడూ ఇదే జరిగింది. రాజీనామా రాసి ఇచ్చావా అని అడిగితే ఇచ్చానన్నాడు. సంతకం నీదేనా అంటే నాదేనన్నాడు. బలవంతం చేశారా అంటే లేదన్నాడు. ఇక మిగిలిందేముంది? అతని తరఫు వకీలు మాత్రం ఏదో తేడా ఉందని అనుమానించి, కాగితాన్ని హిందీలోకి, అతని హిందీ వాంగ్మూలాన్ని తెలుగులోకి మార్చమని నాకు పంపారు.

కాగితంలో కీలకమైన భాగం ఇది: “నేను నా ఇష్టపూర్వకంగా, ఎవరి ఒత్తిడీ లేకుండా రాజీనామా చేస్తున్నాను. నాకు రావలసిన సొమ్ము ముట్టింది. ఇకమీదట ఫ్యాక్టరీ వారితో నాకు ఎటువంటి పేచీ లేదు.”

వాంగ్మూలంలో అతను చెప్పిన మాట: “హమారా రాజీనామా హువా థా.”

నేను చేసిన తప్పు

మొదట ఆ వాక్యాన్ని “మా రాజీనామా జరిగింది” అని ఉన్నది ఉన్నట్టు దింపాను. చదువుకుంటే తెలుగులా లేదు. రాజీనామా జరగడమేమిటి? మన భాషలో రాజీనామా చేస్తారు, ఇస్తారు, సమర్పిస్తారు, దాన్ని ఆమోదిస్తారు. పెళ్లి జరిగినట్టు, జాతర జరిగినట్టు రాజీనామా జరగదు. హిందీ మాట్లాడేవాళ్లలో కొందరు తమ ఒక్కరి గురించి కూడా “హమ్” (మేము) అంటారు కదా అని సర్దిచెప్పుకొని, “నేను రాజీనామా చేశాను” అని నుడికారానికి తగ్గట్టు సరిచేశాను. సంతకం పెట్టి పంపేశాను.

మర్నాడు వకీలు ఫోను చేశారు. “సార్, మీ అనువాదం దాఖలు చేస్తే మన కేసు ఇక్కడితో ముగిసినట్టే. అతను ఒప్పుకున్నట్టే ఉంది. దాఖలు చేసేముందు ఒక్కసారి మీరే అతనితో మాట్లాడండి” అన్నారు. ఆమె ఆ ఫోను చేయకపోయి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో కలుక్కుమంటుంది. ఒక మనిషి జీవనాధారం నేను సరిచేసిన ఒక క్రియాపదం కింద నలిగిపోయేది.

వాక్యం తెలుగులో ఒదగకపోవడమే అక్కడ నాకు దొరికిన సాక్ష్యం. ఆ గరుకును నేనే చేతులారా పాలిష్ చేశాను. “హమారా”, “హువా” అన్న రెండు మాటలూ ఇద్దరి మధ్య ఏదో జరిగిందని చెబుతున్నాయి. ఉద్యోగం వదులుకోవడం ఒక్కడు చేసే పని. అది ఇద్దరి మధ్య “అయ్యేది” కాదు.

అతనితో మాటలు

మరుసటి ఆదివారం అతను మా ఇంటికే వచ్చాడు. ఎడమచేతి రెండు వేళ్లు సగం వరకే ముడుచుకుంటున్నాయి. టీ తాగాక మొదటి ప్రశ్న అడిగాను. “భయ్యా, ఎప్పుడైనా నువ్వే పని మానేస్తానని యజమానికి రాసివ్వాలనుకో. ఆ కాగితాన్ని ఏమంటావు?”

ఏమీ ఆలోచించలేదు. “ఇస్తీఫా” అన్నాడు.

“మరి రాజీనామా అంటే?”

దానికీ ఆలోచించలేదు. వాళ్ల ఊళ్లో పొలం గట్టు దగ్గర అన్నదమ్ములు కొట్టుకున్నారట, పోలీసు కేసు అయిందట, లోక్ అదాలత్‌లో రాజీనామా అయిందట. రెండు పక్షాలూ సంతకాలు చేసి, చేతులు కలిపి ఇంటికి వెళ్లారట. అంటే మనం “రాజీ” అనే పని. రాజస్థాన్ కోర్టుల్లో, అక్కడి హిందీ పత్రికల్లో ఆ మాటకు వాడుక అదే. లోక్ అదాలత్‌లో పరిష్కరించుకోదగ్గ కేసులను అక్కడ “రాజీనామా యోగ్య” కేసులంటారు.

మూడో ప్రశ్నకు ఒక షరతు పెట్టాను. ఆ మాట వాడకుండా చెప్పు, ఆ కాగితం మీద సంతకం చేస్తే ఏమవుతుందనుకున్నావు? అతను కొంచెం తడుముకున్నాడు. తరువాత ఒక్కొక్కటిగా చెప్పాడు. వాళ్లు మందుల ఖర్చు ఇస్తారు, నేను పోలీసు దగ్గరకు వెళ్లను, చెయ్యి బాగయ్యేదాకా ఇంట్లో ఉంటాను, బాగయ్యాక తేలిక పని ఇస్తారు. ఆ రాత్రి ఊరికి ఫోను చేసి అంతా రాజీఖుషీ అని అమ్మతో చెప్పాడట. వాళ్ల భాషలో రాజీ అంటే సంతోషంగా, క్షేమంగా ఉండటం కూడా. పంజాబీలో జబ్బుపడి కోలుకున్న మనిషిని కూడా రాజీ అయ్యాడంటారు. ఉద్యోగం పోయిన రోజున అతను ఇంటికి ఆ మాటే చెప్పాడు.

తరువాత వకీలు అనుమతితో, అవతలి పక్షం ఒప్పుకోలుతో, సూపర్‌వైజరుతోనూ మాట్లాడాను. తాడిపత్రివాడే, యాభై దాటిన మనిషి. మోసం చేశాడన్న అనుమానంతోనే వెళ్లానని ఒప్పుకోవాలి. ఆయన నాతో అన్న మాట మాత్రం నా అనుమానాన్ని తీసేసింది. “సార్, వేళ్లు నలిగినవాడు ఊరికి పోదామనుకుంటాడు కదా. మాటలు కుదిరాయి, రాజీ అయింది. రాజీ అయింది కాబట్టే రాజీనామా రాయించాం.”

ఆ చివరి వాక్యాన్ని నా పుస్తకంలో రాసుకొని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఆయన ఒకే ఊపిరిలో రెండు అర్థాలనూ వాడాడు. రాజీ కుదిరిందన్నది ఇద్దరికీ నిజం. ఆ రాజీలో ఉద్యోగం వదులుకోవడం కూడా ఉందని ఆయన అనుకున్నాడు, లేదని ఇతను అనుకున్నాడు. కాగితం మళ్లీ తీసి చూశాను. “రాజీనామా చేస్తున్నాను” అని ఉంది. దేనికి? తెలుగులో ఈ అర్థానికి “కి” కావాలి: ఉద్యోగానికి, పదవికి, సభ్యత్వానికి. ఆరు వాక్యాల్లో ఎక్కడా ఆ “కి” లేదు. తెలుగువాడు చదివితే లేని మాటను తానే పూరించుకుంటాడు. మొదటిసారి చదివినప్పుడు నేనూ పూరించుకున్నాను.

మాట వెంట వెనక్కి

నివేదిక రాయాలంటే “ఇక్కడ ఒక అర్థం, అక్కడ ఒక అర్థం” అంటే చాలదు. ఎందుకని అడుగుతారు. అందుకని మాట పుట్టుక దాకా వెళ్లాను. నాకు ఇష్టమైన పని కూడా ఇదే.

రాజీనామాలో రెండు ముక్కలు. మొదటిది అరబీ. తృప్తి చెందడం, సమ్మతించడం అనే ధాతువు నుంచి వచ్చిన మాట, సమ్మతించినవాడు అని అర్థం. అరబీలో ఆ మాట నడుమ ఉన్న అక్షరం పేరు జాద్. అరబ్బులు ఉచ్చరించే తీరులో అది బరువైన డకారానికి దగ్గరగా ఉంటుంది. తమ భాషను వారు “జాద్ భాష” అని గర్వంగా చెప్పుకుంటారు. పారసీకులు దాన్ని “జ”గా పలికారు, మనకు పారసీకం ద్వారా వచ్చింది కాబట్టి మన నోట కూడా జకారమే. హాజరు, అర్జీ, జామీను, జప్తు, జిల్లా, ఖాజీ, రంజాన్ అన్న మాటలన్నిటిలోనూ ఉన్నది ఆ అక్షరమే. మన కచేరీ భాషలో సగం ఆ ఒక్క అక్షరం మీద నడుస్తున్నట్టు ఉంటుంది. రజియా, రిజ్వాన్, ముర్తజా అన్న పేర్లు ఈ ధాతువు పిల్లలే. తూర్పు ఆఫ్రికాలో స్వాహిలీ మాట్లాడేవారి దగ్గర ఇదే మాట “రాధి” అయింది. వారు క్షమాపణ అడగడాన్ని “రాధి అడగడం” అంటారు. టర్కీ భాషలో “రజి” అంటే ఇప్పటికీ ఒప్పుకున్నవాడు.

రెండో ముక్క పారసీకం. నామా అంటే రాత, ఉత్తరం, పుస్తకం. బాబర్‌నామా, అక్బర్‌నామాల్లో ఉన్నది ఇదే. మన “నామం”, పారసీక “నామ్” ఒకే తల్లి బిడ్డలు కాబట్టి తెలుగువారికి ఈ ముక్క పరాయిదిగా తోచలేదు. వకాల్తానామా అలాగే వచ్చింది. సంస్కృత పంచకు పారసీక నామా కలిపి పంచనామా చేసుకున్నారు, ఇంగ్లీషు విల్లుకు అతికించి వీలునామా చేసుకున్నాం. చిరునామా వెనుక ఉన్నది ఉత్తరం తల మీద రాసే “సర్‌నామా”. దానికి తెలుగు “చిరు” తొడిగి మనదే అనుకునేలా మార్చేశాం. ఇలాంటి మాటలకు సాధారణ నిఘంటువు చాలదని బ్రౌన్ దొరకు బాగా తెలిసింది. 1820లో కడపకు వచ్చి కచేరీల్లో పనిచేసిన ఆయన, పెద్ద నిఘంటువుతో పాటు పాలనా వ్యవహారంలో తిరిగే అన్యదేశ్య పదాలకు విడిగా కోశం కూర్చాడు. కడపలో ఆయన పేరున ఉన్న భాషా పరిశోధన కేంద్రంలో కూర్చుని పాత పదాలు వెతికిన ప్రతిసారీ, ఒక తెల్లదొర ఈ చిక్కుల్లో పడి ఎన్ని రాత్రులు నూనె కాల్చాడో అనిపిస్తుంది.

కాబట్టి పుట్టుకలో రాజీనామా అంటే “నాకు సమ్మతమే” అని రాసిచ్చిన కాగితం. ఇంతవరకు తగాదా లేదు. నాకు సమ్మతమేనని ఎవరు ఎవరికి రాసిస్తున్నారన్న దగ్గర దారి చీలింది.

కోర్టులో వాది, ప్రతివాది ఉంటారు. వాది “నాకు తృప్తి కలిగింది, ఇక దావా లేదు” అని రాసిస్తే అది ఇద్దరి మధ్య ఒడంబడిక. హిందీ, ఉర్దూ, పంజాబీ భాషల్లో నిలిచింది ఈ అర్థమే. మన వైపూ ఇది లేకపోలేదు. మద్రాసు ప్రెసిడెన్సీ కోర్టుల పాత తీర్పుల్లో “రాజీనామా డిక్రీ” అంటే రాజీ మీద ఇచ్చిన డిక్రీయే.

రెవెన్యూ కచేరీలో మాత్రం ఎదురుగా ఉన్నది సాటి మనిషి కాదు, సర్కారు. 1800లో నిజాం బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను ఇంగ్లీషు కంపెనీకి వదిలేశాక, దత్త మండలాలకు థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. పొలాలు కొలిపించి, ఒక్కో రైతుతో సర్కారు నేరుగా లెక్క చూసుకునే పద్ధతికి ఇక్కడ పునాది వేశాడు. ఆ రైత్వారీ పద్ధతిలో రైతు పొలం కావాలంటే దర్ఖాస్తు పెట్టుకోవాలి. శిస్తు కట్టలేకపోతే, వానలు లేక బీడు పడితే, “ఈ సర్వే నంబరు నాకు వద్దు, వదులుకోవడానికి నాకు సమ్మతమే” అని రాసివ్వాలి. ఆ వదులుకోలు కాగితానికీ రాజీనామా అన్నదే పేరు. బొంబాయి వైపు ఈ వాడుక ఇంకా గట్టిగా పాతుకుంది. 1879 నాటి బొంబాయి భూమి శిస్తు చట్టం కింద ఒకరు రాజీనామా ఇస్తే, ఆ పొలం తీసుకునే మనిషి కబూలాయతు, అంటే ఒప్పుకోలు పత్రం, రాసిచ్చేవాడు. ఆ రెండు కాగితాలతో భూమి చేతులు మారేది. నేపాల్‌లో ఇల్లు, పొలం అమ్మేటప్పుడు రాసే పత్రాన్ని ఈనాటికీ రాజీనామా అంటారు. అక్కడే మంత్రి పదవి వదిలినా రాజీనామాయే. వదులుకోలు అన్న అర్థం ఆ భాషలో నేల మీదా ఉంది, కుర్చీ మీదా ఉంది.

రైతు సర్కారుకు పొలం వదిలినట్టే, కొలువులో ఉన్నవాడు సర్కారుకు కొలువు వదులుతాడు. కాగితం నడిచే దిక్కు ఒకటే, కింది నుంచి పైకి. తెలుగు, కన్నడ, మరాఠీ, గుజరాతీ, తమిళ భాషలన్నిటిలో రాజీనామా అంటే కొలువు వదలడం అయింది ఈ దారిలోనేనని నా నిర్ధారణ. ఈ భాషల నేల ఎక్కువగా రైత్వారీ నేల కావడం కాకతాళీయమని నేను అనుకోను. అనావృష్టి దత్త మండలాలను ఎన్నిసార్లు పీడించిందో తెలిసినవాడికి, ఇక్కడి జనానికి ఆ మాట తగవు తీరడంగా కాక చేతిలోది జారిపోవడంగా ఎందుకు గుర్తుండిపోయిందో వేరే చెప్పక్కర్లేదు.

తెలుగు ఇంకొక పని చేసింది. జంటను విడగొట్టింది. రాజీపడటం, రాజీ కుదరడం, రాజీమార్గం అంటూ ఒడంబడిక అర్థాన్ని మొదటి ముక్కకు ఇచ్చి, పూర్తి మాటకు వదులుకోలును మిగిల్చింది. 1954 నవంబరులో కర్నూలు రాజధానిగా ఉన్న ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం పంతులు ప్రభుత్వం ఒక్క ఓటుతో ఓడి రాజీనామా చేసిందంటే, ఆయన ఎవరితోనో రాజీపడ్డాడని ఏ తెలుగువాడూ అనుకోడు. మలయాళం ఇంకా ముందుకు పోయింది. అక్కడ “రాజి” అన్న రెండక్షరాలే పదవి వదలడం. మలయాళ పత్రికలో మంత్రి రాజి వెచ్చు అని శీర్షిక చూసి మంత్రి దిగివచ్చి ఒప్పందం చేసుకున్నాడని మా మిత్రుడొకరు నాకు చెప్పారు. ఆయన తెలుగు పండితుడు. తెలియనితనం వల్ల ఇలాంటి తప్పు జరగదు. తనకు బాగా తెలిసిన మాట కనబడినప్పుడే జరుగుతుంది.

హిందీవారు కొలువు వదలడానికి వాడే ఇస్తీఫా అరబీ మాటే. మన్నింపు కోరడం, తనను విడిచిపెట్టమనడం దాని అర్థం. మన రుణమాఫీలోని మాఫీ అదే ధాతువు నుంచి వచ్చింది. ఇరాన్‌లో నేడు ఉద్యోగం వదిలేవాడు రాసేది ఎస్తెఫా. ఆపరేషనుకు ముందు రోగి సంతకం చేసే అంగీకార పత్రం రెజాయత్‌నామె, మన రాజీనామాకు సొంత అక్క. సమ్మతి అనే పాత అర్థం చెడకుండా ఆ పత్రంలో ఉంది.

నివేదికలో ఏం రాశాను

రెండున్నర పేజీలు. మొదట నా పాత అనువాదాన్ని వెనక్కి తీసుకుంటున్నానని, అందులో ఏ వాక్యం తప్పో, ఎందుకు తప్పో రాశాను. వకీలు కొంచెం తటపటాయించారు, అది దాఖలు కాలేదు కాబట్టి ఆ ప్రస్తావన అవసరమా అని. అవసరమేనన్నాను. తెలుగువాడు, ఈ పనిలోనే తల నెరిసినవాడు, ఆ మాటను అప్రయత్నంగా ఒకే అర్థంలో తీసుకున్నాడన్నది ఈ కేసులో నేను ఇవ్వగలిగిన అన్నిటికంటే బలమైన రుజువు. సూపర్‌వైజరుకు జరిగిందీ అదే.

తరువాత, వాంగ్మూలంలో ఆ మాటను అనువదించకుండా రాజీనామా అనే ఉంచి, పక్కన రెండు అర్థాలూ ఇచ్చాను. మాట వాడకుండా అతను చెప్పిన నాలుగు సంగతులనూ అతని మాటల్లోనే దింపాను. తెలుగు కాగితాన్ని హిందీలోకి మార్చేటప్పుడు ఇస్తీఫా అని పెట్టలేదు, రాజీనామా అనీ వదిలెయ్యలేదు. తెలుగు వాడుకలో ఈ వాక్యాన్ని ఎలా గ్రహిస్తారో చెప్పి, “దేనికి” అన్న మాట మూలంలో లేదని రాశాను.

అతను ఉద్యోగం వదిలాడా లేదా అన్నది మాత్రం రాయలేదు. అది తేల్చడం నా పని కాదు. వకీలు ఇంకాస్త గట్టిగా రాయమని అడిగారు, నేను ఒప్పుకోలేదు. అనువాదకుడు తీర్పు చెప్పడం మొదలుపెడితే రెండో పక్షానికి అతని అనువాదం మీద నమ్మకం పోతుంది. ఇక్కడ నా నివేదిక పనికొచ్చిందంటే, ఫ్యాక్టరీవారు కూడా చదివి ఇందులో అబద్ధం లేదన్నారు కాబట్టే.

అధికారి చదివి ఇద్దరినీ పిలిచి, ఇస్తీఫా అన్న మాట ఆ రోజు ఎవరైనా అన్నారా అని అడిగారట. ఎవరూ అనలేదు. పని పోతుందని హిందీలో చెప్పారా? లేదు. అక్కడి నుంచి మాటలు మెత్తబడ్డాయి. ఇంకొక సంగతి కూడా వకీలు ఎత్తిచూపారు. అప్పటికి అమల్లో ఉన్న 1923 నాటి నష్టపరిహార చట్టం ప్రకారం పనిలో గాయపడిన కార్మికుడు పరిహారం హక్కును ఒప్పందంతో వదులుకున్నా అది చెల్లదు, పరిహారం మీద కుదిరిన ఒప్పందాన్ని కమిషనరు దగ్గర నమోదు చేయించాలి. “రావలసిన సొమ్ము ముట్టింది” అన్న వాక్యానికి ఆ నమోదు లేదు. కాగితం ఏ అర్థంలో చదివినా నిలిచే పరిస్థితి లేదని రెండు పక్షాలకూ అర్థమైంది.

ఫ్యాక్టరీవారు అతన్ని తిరిగి తీసుకున్నారు. మిషను మీద కాదు, పాలిషైన బండలు లెక్కపెట్టి లోడు రాసే పని. పరిహారం లెక్క వేరుగా కట్టి కమిషనరు ముందు పెట్టారు.

ఆ తరువాత నుంచి నేను సంతకాల కోసం కాగితం చదివి వినిపించేటప్పుడు పద్ధతి మార్చుకున్నాను. పత్రం పేరు చెప్పి ఊరుకోను. సంతకం తరువాత నీ చేతిలో ఏమి ఉంటుంది, ఏమి ఉండదు, రేపు పొద్దున నువ్వు ఎక్కడికి వెళతావు అని అడిగి, సమాధానం అతని మాటల్లో రాసుకుంటాను. రెండు భాషల్లో ఒకేలా వినిపించే మాట వస్తే మరీ ఆగుతాను. హిందీ శిక్షా మన శిక్ష కాదు, హిందీ ఉపన్యాస్ మన ఉపన్యాసం కాదు, అవకాశ్ అంటే వారికి సెలవు. కొత్త మాట వస్తే నిఘంటువు తీస్తాం. తెలిసిన మాట దగ్గర తీయం. నేను తీయలేదు.

కొత్త ఒప్పంద పత్రం రెండు భాషల్లో నేనే రాశాను. రెంటిలోనూ రాజీనామా అన్న మాట లేదు. తెలుగులో ఒప్పంద పత్రం, హిందీలో సమ్‌ఝౌతా. సంతకాల రోజున అతనికి హిందీలో మొత్తం చదివి వినిపించాను. పని ఉంటుంది, జీతం ఇంత, పరిహారం వేరు, ఆ పాత కాగితం చెల్లదు. రెండుసార్లు చదివించుకున్నాడు. సంతకం చేసి, బయటికి వచ్చి, మెట్ల మీదే ఊరికి ఫోను కలిపాడు. మా వెనకాలే సూపర్‌వైజరు దిగుతున్నాడు.

“అమ్మా, రాజీనామా హో గయా” అన్నాడు అతను, నవ్వుతూ.

సూపర్‌వైజరు మెట్టు మీదే ఆగిపోయి, కంగారుగా నా వైపు చూశాడు. “సార్, మళ్లీ ఏమైంది?”

“ఏమీ కాలేదు” అన్నాను. “మీతో తగవు తీరిందని వాళ్ల అమ్మకు చెబుతున్నాడు.”